పక్క తోటావిడ

జూన్ 22

ఎండాకాలం సెలవులకి నిన్నటితో బడి మూసేశారు. చివరి రోజని నా తరగతి పిల్లలు ఇచ్చిన పూలన్నీ బకెట్లో పెట్టాను. సగం అప్పుడే రాలుతున్నాయి.

ఇది కొత్త డైరీ. ఇందులో ఏడుపులు రాయను. పాతదాంట్లో రాసినవి చాలు. ఈ సెలవుల్లో తోటపని, పాత బట్టల వేట, అంతే. ఎండ ఉన్నన్నాళ్ళూ హాయిగా ఉండాలి.

మధ్యాహ్నం ట్రామెక్కి తోటకి వెళ్ళాను. అత్తయ్య నాకంటే ముందే వచ్చి దోసపాదులకి తాళ్ళు కడుతోంది. మార్చిలో విడాకుల కాగితం చేతికొచ్చాక ఒకసారి ఆవిణ్ణి "తెయోఫిలా గారూ" అని పిలిచి చూశాను. చేతిలో నీళ్ళడబ్బా కింద పెట్టేసింది.

"ఏంటది, పోస్టాఫీసులో పిలిచినట్టు?"

"మరి ఏమని పిలవమంటారు?"

"ఇన్నాళ్ళూ ఏమన్నావో అదే అను. నీతో కాపురం వద్దనుకున్నది కాయెతాన్. నేనేమన్నా వద్దన్నానా? పట్టు, ఈ కర్ర వంగిపోతోంది."

పట్టుకున్నాను. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు ఇద్దరం.

రైలుకట్ట వెనక వరసగా ఉన్న ఈ చిన్న తోటల్లో మాదే చివరి నుంచి రెండోది. మాది అని రాశాను. ఆవిడ పేరు మీద ఉంది. మామయ్యకి ఫ్యాక్టరీ వాళ్ళు ఇచ్చింది. తాళంచెవి మాత్రం నాకూ ఒకటుంది.

జూన్ 27

గురువారం. కొత్త సరుకు దిగే రోజు. తలుపులు తీయకముందే బొజెంకా పాతబట్టల కొట్టు ముందు వరస. ముసలమ్మలు, కాలేజీ అమ్మాయిలు, ఇక్కడ కొని ఇంటర్నెట్‌లో అమ్ముకునే ఆ బొద్దు మనిషి. అతన్ని చూడగానే అత్తయ్య, "వచ్చిందమ్మా రాబందు" అంది, అతనికి వినబడేలాగే.

"మీకూ నమస్కారమండీ. మోకాలెలా ఉంది?"

"నిన్ను తన్నడానికి సరిపడా ఉంది."

ప్రతివారం ఉండేదే ఇది. ఏ వారమైనా అతను రాకపోతే ఎందుకు రాలేదోనని అత్తయ్యే బెంగపడుతుంది.

ఆవిడ రిటైరయ్యేదాకా నాటకశాలలో జనం విప్పిచ్చిన కోట్లు భద్రం చేసే గదిలో పనిచేసింది. మొహాలు గుర్తుండవట, కాలర్లు గుర్తుంటాయట. బుట్టలో మోచేతుల దాకా చేతులు దించి, తల పక్కకి తిప్పి, ఎవరితోనో కబుర్లాడుతూ వెతుకుతుంది. "నైలాను. నైలాను. ఇదీ నైలానే. ఇది ఎవడిదో చచ్చినవాడిది. ఆగు." ఆగు అన్నదంటే ఏదో తగిలినట్టే.

ఇవాళ తగిలింది నూలు గౌను. ముదురాకుపచ్చ మీద తెల్ల చుక్కలు, గుడ్డ చుట్టిన గుండీలు, నడుం దగ్గర కుచ్చులు. మా ఊళ్ళో మిల్లులు నడిచినప్పటి గుడ్డ. కర్టెన్ వెనక వేసుకుంటుంటే వీపు గుండీలు అత్తయ్యే పెట్టింది. ఒక్కటీ బిగుతు లేదు.

"నీ కోసమే కుట్టి, నువ్వు పుట్టేదాకా దాచి ఉంచారు" అంది.

అలాగే తోటకి వెళ్ళాం. కొట్టుగది గడప మీద కూచుని చల్లటి బీట్‌రూట్ పులుసు తాగాం. గౌను మీద ఒక చుక్క పడితే, తాను ఉప్పు రుద్ది, నన్ను కదలొద్దని తిట్టింది. హాయిగా ఉన్నాను. రాయడానికని రాయడం లేదు. నిజంగానే ఉన్నాను.

జూన్ 30

పుల్ల చెర్రీలు కోశాం. మోచేతుల దాకా రసం. పక్క తోట వాలెంటీ గారు కంచె మీంచి చూసి, "ఎవర్ని పొడిచారు?" అన్నారు. అత్తయ్య, "ఇంకా ఎవర్నీ లేదు, మీరు కాస్త దగ్గరికి రండి" అంది. ఆయన భార్య పోయాక ఆయనకి ఆ గులాబీలూ రేడియో తప్ప ఏమీ లేవు.

జూలై 4

గురువారం. నాకు ఉన్ని లంగా, గళ్ళది. అత్తయ్యకి తోలు చేతిసంచి, లోపలి పట్టుగుడ్డ చిరగలేదు. బొజెంకా మేం కొన్నవి తూకం వేస్తున్నప్పుడు అత్తయ్య సంచి అడుగున తెల్లగా ఏదో కనబడింది. అల్లిక స్వెట్టరు, నా అరచేతంత.

"ఇదేంటి?"

"అదా. వాలెంటీ మనవరాలికి బిడ్డ పుట్టబోతోంది కదా."

ఆయనకి మనవరాలుందనే నాకు తెలీదు. ఆ పిల్లకి పెళ్ళి అయ్యే ఉంటుంది. ఈ రోజుల్లో పెళ్ళి కావాలని మాత్రం ఏముంది.

జూలై 7

నత్తలు డాలియా మొక్కలన్నీ కొరికేశాయి. అవి వచ్చి పడి చావాలని బీరు పోసి గిన్నెలు పెట్టాం. వాలెంటీ గారు కంచె దగ్గరే ఉన్నారు చాలాసేపు. మనవరాలి సంగతి అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఆయనకి ఆ పిల్ల మీద ఏదన్నా కోపం ఉండి ఉండొచ్చు.

జూలై 11

అత్తయ్య మోకాలు నొప్పి, రాలేనంది. ఒక్కదాన్నే వెళ్ళాను. రాబందు పలకరించాడు. ఏమీ దొరకలేదు, అన్నీ నైలానే. నిజానికి ఏది నైలానో ఏది కాదో నా చేతికి తెలియదు. చీటీ చదవాలి.

వచ్చేస్తుంటే బొజెంకా అంది: "మీ అత్తగారు నిన్న సాయంత్రం వచ్చారు. చంటిపిల్లల పెట్టె అడుగుదాకా వెతికారు పాపం."

మోకాలి నొప్పితో నిన్న రావడమేంటి. వేరే ఎవరినో చూసి పొరబడి ఉంటుంది. కొట్టుకి ఎంతమంది ముసలమ్మలు వస్తారు.

జూలై 15

వాన.

జూలై 20

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఇవాళ తోటకి రానని అత్తయ్యకి చెప్పాను. డాక్టరు త్వరగా వదిలేశాడు. గళ్ళ లంగా బాగుచేయడానికి జిప్పు కొన్నాను. గోధుమరంగుది దొరకలేదు, నల్లది తీసుకున్నాను. కింద అంచు ఒక వేలు మడవాలి. మడిస్తే మోకాలి కిందకి సరిగ్గా వస్తుంది. లోపలి గుడ్డ గట్టిగానే ఉంది. ఒక్క చోట పురుగు కొట్టింది, కనబడదు.

జూలై 21

నిన్న డాక్టరు దగ్గర్నుంచి తోటకే వెళ్ళాను. గేటు దాకా.

బీన్స్ పందిరి నుంచి కొట్టుగది దాకా తాడు కట్టి ఉంది. దాని మీద చిన్న చిన్న బట్టలు ఆరేసి ఉన్నాయి. చొక్కాలు, టోపీలు, మేజోళ్ళు. తెల్ల స్వెట్టరు కూడా. అత్తయ్య బల్ల మీద కూచుని ఏదో గుండీ కుడుతోంది. పాడుకుంటోంది. ఆవిడ పాట ఎప్పుడూ వినలేదు నేను, ఇన్నేళ్ళలో.

వాలెంటీ గారి మనవరాలి కోసం ఎవరూ అలా పాడరు.

వెనక్కి వచ్చేశాను. చూడలేదు నన్ను.

జూలై 23

చెప్పింది. దోసకాయలు జాడీల్లో పెడుతున్నాం. నేను సోయకూర, వెల్లుల్లి వేస్తున్నాను, తాను ఉప్పునీళ్ళు పోస్తోంది. తలెత్తకుండానే మొదలుపెట్టింది.

"మిర్కా, నీకొకటి చెప్పాలి."

"బిడ్డ ఎప్పుడు?"

ఉప్పునీళ్ళు బల్ల మీదికి పొర్లాయి. గరిటె పక్కన పెట్టింది.

"నవంబరులో. నీకెలా తెలిసింది?"

"ఆరేసినవి చూశాను."

"సబీనా అట ఆ అమ్మాయి పేరు. గ్దీనియాలో నర్సు. నేనింకా చూడలేదు, ఫోన్లోనే." కాసేపు జాడీ మూత తిప్పుతూ కూచుంది. మూత బిగిసినా తిప్పుతూనే ఉంది. "నాకు డెబ్భై దాటాయి. మనవడో మనవరాలో అన్న ఆశ వదిలేసుకున్నాను. నీకు తెలుసు కదా, మీరిద్దరూ ఆస్పత్రుల చుట్టూ తిరిగినప్పుడు నేనొక్క మాటన్నానా నిన్ను?"

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఆస్పత్రిలో నా పక్కన కూచుంది ఆవిడే. కాయెతాన్‌కి ఆ వాసన పడేది కాదు.

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్విలా చూస్తావనే."

ఎలా చూశానో నాకు తెలీదు. నవ్వుదామనే చూశాను. "దానికేముంది అత్తయ్యా, అల్లండి, కుట్టండి" అన్నాను. ఆవిడ తడిచేతులతో నా మొహం పట్టుకుంది. ఉప్పు కళ్ళలో పడింది. అందుకే నీళ్ళొచ్చాయి.

జూలై 25

గురువారం. ఇవాళ ఇద్దరం కలిసి చంటిపిల్లల పెట్టె వెతికాం. నేనే ముందు వెళ్ళాను. నాకే దొరికింది అన్నిటికంటే మంచిది: బాప్తిజం గౌను, చేత్తో అల్లిన లేసు, ఒక్క మరక లేదు. బొజెంకా, "ఓహో, మీకేనా?" అంది నా వైపు చూసి. అత్తయ్య నోరు తెరిచేలోపు, "మా ఇంట్లోకి" అన్నాను.

పెద్దమనసు చేసుకుంటే ఎంత తేలిగ్గా ఉంటుందో. ఇంతకుముందే చేసుకోవాల్సింది. బిడ్డ తప్పేముంది. నాకూ ఏదో ఒకటి అవుతుంది కదా ఆ బిడ్డ. ఆ వరసకో మాట ఉండే ఉంటుంది.

జూలై 29

టమాటాలు ఎర్రబడ్డాయి. గళ్ళ లంగా అంచు మడిచాను. బాగుంది.

ఆగస్టు 1

వాళ్ళు ఇక్కడికే వచ్చేస్తున్నారు. కాయెతాన్‌కి ఈ ఊళ్ళో పని దొరికింది. ఇల్లు సర్దుకునేదాకా అత్తయ్య ఫ్లాట్‌లోనే ఉంటారట. వరసలో నిలబడ్డప్పుడు చెప్పింది. రాబందు పక్కకి తిరిగి ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాడు.

"ఆదివారాలు వాళ్ళు తోటకి వస్తారు, మిర్కా. మిగతా రోజులన్నీ మనవే."

"మంచిదే. ఆదివారం నాకూ ఇంట్లో పనులుంటాయి."

ఆదివారం నాకేం పనులు.

ఆగస్టు 5

శనివారం కూడా. ఫోన్ చేసి చెప్పింది. "ఆ పిల్లకి వేడికి కాళ్ళు వాస్తున్నాయి, నాలుగో అంతస్తులో ఉక్క. శనివారం కూడా తీసుకొస్తా. ఏమీ అనుకోవు కదా?"

అనుకోనన్నాను. ఆ పిల్ల అంటోంది ఇప్పుడు. మొన్నటిదాకా ఆ అమ్మాయి.

ఆగస్టు 8

గురువారం. నా జీవితంలో ఇంత మంచి కోటు చూడలేదు. ఒంటె రంగు, లోపల పట్టు, దర్జీ కుట్టిన కాజాలు. అత్తయ్యకి ముందు తగిలింది, "ఆగు" అంది. తనకి భుజాలు చాలవు. నాకు తొడిగి, ముందుకీ వెనక్కీ తిప్పి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని కోటు చేతులు ఎంత పొట్టి చేయాలో గుర్తుపెట్టింది. ఎండాకాలంలో కోటు తొడుక్కుని చెమటలు కక్కుతూ అద్దం ముందు నిలబడ్డాను. కాలేజీ అమ్మాయిలు చప్పట్లు కొట్టారు. రాబందు ఎంతకైనా కొంటానన్నాడు.

"నీకేనాడూ అమ్మదు, ఫో" అంది అత్తయ్య, సూదులు పళ్ళ మధ్య పట్టుకునే. "చలికాలం వచ్చేలోపు చేతులు నేను సరిచేసిస్తా."

కోటు తన దగ్గరే ఉంచుకుంది.

ట్రాము దిగేటప్పుడు అంది: "కాయెతాన్‌కి ఇష్టం లేదు, నువ్వూ ఆ పిల్లా ఎదురుపడటం. నీ గురించి దానికి పెద్దగా చెప్పలేదట."

"పెద్దగా అంటే?"

"చాలాకాలం కిందటే విడిపోయామని చెప్పాడట. నేనూ కాదనలేకపోయాను. కడుపుతో ఉన్న మనిషి."

ట్రాము వెళ్ళిపోయింది. నేను దిగాల్సినది అక్కడ కాదు. నడిచి వచ్చాను.

ఆగస్టు 11

ఆదివారం. ఇల్లు తుడిచాను. మధ్యాహ్నం మళ్ళీ తుడిచాను.

ఆగస్టు 14

అన్నీ వరసగా రాయాలి. లేకపోతే రేపటికి వేరేలా గుర్తుంటుంది.

రేపు మరియమ్మ పండగ. చర్చికి తీసుకెళ్ళే పూలగుత్తి కోసం ప్రతి ఏడూ ముందురోజు ఇద్దరం తోటలో కోస్తాం. ఇవాళ బుధవారం కనక మాదే. చుక్కల గౌను వేసుకుని వెళ్ళాను. బూట్లు కొట్టుగదిలో విప్పి, మట్టి పనికి వేసుకునే రబ్బరు చెప్పులు తొడుక్కున్నాను. అత్తయ్య గసగసాల కాయలు, గోధుమ వెన్నులు, పుదీనా, డాలియాలు కోస్తోంది. నేను టమాటా పిలకలు గిల్లుతున్నాను. బాగానే ఉంది. ఎండ బాగుంది.

గేటు చప్పుడైంది. "అమ్మా, మీరిక్కడే ఉన్నారా? ఇంట్లో ఉక్కగా ఉంది, వచ్చేశాను" అంటూ ఒకమ్మాయి లోపలికి వచ్చింది. పొట్ట ముందు. జుట్టు ముడేసుకుంది, మొహమంతా ఎండకి ఎర్రబడింది. చెడ్డదిలా లేదు. చెడ్డదిలా ఉంటుందని ఎందుకనుకున్నానో. అత్తయ్య చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది.

ఆ అమ్మాయి నన్ను చూసి నవ్వింది. "నమస్తే అండీ. మీరు?"

నేను అత్తయ్య వైపు చూశాను. ఏదన్నా చెబుతుందని. ఏం చెప్పినా సరేననుకున్నాను, నిజంగా. ఏడ్చినా, అరిచినా, నా పేరు మాత్రం చెప్పినా.

"పక్క తోటావిడ" అంది అత్తయ్య. "నాకు సాయానికి వచ్చింది."

గొంతు వణకలేదు. కాలర్లు తప్ప ఏదీ గుర్తుండని మనిషిలా మామూలుగా అంది.

"అవునండీ, పక్కదే మాది" అన్నాను నేను. నా గొంతూ వణకలేదు.

"ఎంత అదృష్టం మీ ఇద్దరికీ, ఇలా కలిసి చేసుకుంటారు. నాకు మొక్కల సంగతి ఏమీ తెలీదు. ఏం చేస్తున్నారు మీరు?"

చూపించాను. కొమ్మకీ కాండానికీ మధ్య మొలిచే పిలక ఏదో, పూత ఏదో. ఆమె వేళ్ళతో గిల్లి, వాసన చూసి, "అబ్బ, ఎంత బాగుందో" అంది. దోసకాయలు ఎంత పొడవుంటే ఊరగాయకి కోయాలో చెప్పాను. నత్తలకి బీరు పెట్టాలని చెప్పాను. అడిగినవన్నీ చెప్పాను. అత్తయ్య మాకు వీపు పెట్టి గుత్తికి దారం చుడుతోంది. చుట్టిందే చుడుతోంది.

"మీ గౌను భలే ఉందండీ. ఎక్కడ కొన్నారు?"

"పాతబట్టల కొట్లో. గురువారం కొత్త సరుకు వస్తుంది. తొందరగా వెళ్ళాలి. మీ అత్తగార్ని అడగండి, తీసుకెళ్తారు. ఆవిడకి బాగా తెలుసు."

"నిజంగానా అమ్మా? నాకు చెప్పనేలేదు మీరు."

"చెబుతాలే" అంది అత్తయ్య.

ఇంక అక్కడ ఉండటానికి నాకు పనేమీ లేదు. "వస్తానండీ" అన్నాను. కంచెకి తగిలించిన నా సంచి భుజాన వేసుకుని, గేటులోంచి బయటికి నడిచి, ఎటు వెళ్ళాలో తెలీక ఆగాను. సబీనా చూస్తోంది, చెయ్యి ఊపుతోంది. పక్క తోటావిడ పక్క తోటలోకే వెళ్ళాలి. వాలెంటీ గారి గేటు తీసుకుని లోపలికి వెళ్ళాను.

ఆయన గులాబీల దగ్గర ఉన్నారు. నన్ను చూశారు, కంచె అవతలికి చూశారు. రేడియో కట్టేసి, బల్ల మీద ఆకులు దులిపి, కూచోమన్నారు.

"కాసేపు ఉండొచ్చా?"

"ఉండమ్మా. ఎవరొస్తారు నాకు."

కంచె అవతల నుంచి మాటలు వినబడుతూనే ఉన్నాయి. సబీనా నవ్వుతోంది. అత్తయ్య ఏదో చెబుతోంది. పువ్వుల పేర్లు. నాకు నేర్పినప్పుడు చెప్పిన వరసలోనే. "మీ మనవరాలికి పిల్లలా?" అని అడిగాను వాలెంటీ గారిని. ఎందుకడిగానో. "నాకు మనవరాలెక్కడిది" అన్నారాయన.

వాళ్ళు పూలగుత్తి తీసుకుని, తాళం వేసుకుని వెళ్ళేదాకా కూచున్నాను. అత్తయ్య ఇటు తిరగలేదు. నా బూట్లు లోపలే ఉండిపోయాయి. తాళంచెవి చేతిసంచిలో ఉంది. సంచీ కొట్టుగదిలో లేదు, నా భుజానే ఉంది. తీసుకుని లోపలికి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. మట్టి చెప్పులతోనే ట్రామెక్కాను. ఎదురు సీట్లో ఒకావిడ గౌను చూసింది, తర్వాత కాళ్ళు చూసింది.

ఆగస్టు 15

పండగ. చర్చి గంటలు ఇంట్లోకి వినబడ్డాయి. వెళ్ళలేదు.

ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. చార్జింగ్ ఉంది.

ఆగస్టు 16

బూట్ల కోసం వెళ్ళాను. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే వెళ్ళాను. కోపంగా ఒకటి, మామూలుగా ఒకటి. "ఏం చేస్తారులెండి అత్తయ్యా, ఆ క్షణంలో నోటికి ఏదొస్తే అది అంటాం" అన్నది బాగుందనిపించింది. అదే అందామని నిశ్చయించుకున్నాను.

గేటుకి బయటివైపు ఒక గుడ్డ సంచి తగిలించి ఉంది. అందులో నా బూట్లు. తుడిచి, పాలిష్ చేసి, ఆకారం పోకుండా లోపల కాగితం కుక్కి ఉన్నాయి. అడుగున ఒంటె రంగు కోటు, చేతులు సరిచేసి, మడతపెట్టి. చలికాలంలోపన్నది ఇప్పుడే కుట్టేసిందంటే రాత్రంతా కూచుని ఉంటుంది, ఆ కళ్ళతో. కుట్టు ఎక్కడా కనబడటంలేదు.

నా దగ్గర తాళంచెవి ఉందని ఆవిడకి తెలుసు. బల్ల మీదో, కొట్టుగదిలోనో పెట్టి ఉండొచ్చు. గేటుకి తగిలించింది.

లోపల ఎవరూ లేరు. పాదులకి నీళ్ళు పోసినట్టున్నారు, మట్టి తడిగా ఉంది. టమాటా మొక్కలకి పిలకలు ఎవరో గిల్లారు. కొన్ని చోట్ల పూత కూడా గిల్లేశారు.

బూట్లు తొడుక్కున్నాను. రబ్బరు చెప్పులు సంచిలో పెట్టాను, ఒకదాంట్లో తాళంచెవి వేశాను. అదే కొక్కానికి తగిలించాను. కోటు చేతిమీద వేసుకున్నాను, ఈ ఎండలో.

వాలెంటీ గారు కంచె దగ్గరికొచ్చి, "నీళ్ళు పోయడానికి రావా అమ్మా ఇంక?" అన్నారు.

"బడి మొదలవుతోందండీ" అన్నాను. ఇంకా రెండు వారాలుంది.

ఇంటికొచ్చాక చేతులు చూసుకుంటే గోళ్ళ కింద మట్టి ఇంకా ఉంది. ప్రతి ఎండాకాలం అది సెప్టెంబరు దాకా వదలదు, బడిలో పిల్లలు నవ్వుతారు. ఇవాళ బ్రష్ తీసుకుని సబ్బుతో రుద్దాను. మొత్తం పోయింది.